బోల్టులు, బాంబులు, గ్రాంట్లు

సియాటిల్లో ఉన్నవాళ్ళకి ఐ-5 హైవే గురించి చెప్పక్కర్లేదు. రోజూ దాన్ని తిట్టుకుంటూనే ఆఫీసులకి వెళ్ళొస్తాం. కానీ ఊరికి ఉత్తరాన రవెన్నా అనే పేట దగ్గర, ఆ హైవే పొట్టలో ఒక గది ఉందని మాత్రం చాలామందికి తెలియదు. 1963లో కట్టారు. అణుబాంబు పడితే రెండొందల మంది దాకా లోపల తలదాచుకోవచ్చు. కరెంటు కోసం జనరేటరూ, స్నానాల గదులూ అన్నీ ఏర్పాటు చేశారు. దేశం మొత్తం మీద హైవే కింద ఇలాంటిది కట్టింది ఇదొక్కటేనట. బాంబు పడలేదు. ఆ గది కొన్నాళ్ళు డ్రైవింగ్ లైసెన్సుల ఆఫీసు అయింది, ఆ తర్వాత కాగితాలు పడేసుకునే గోదాము అయింది, చివరికి తాళం పడింది.

బాంబు రాలేదు గానీ, అది కట్టిన రెండేళ్ళకి, 1965 ఏప్రిల్లో భూకంపం వచ్చింది. ఏడుగురు పోయారు. అంతకు ముందు 1949లో వచ్చిన దాన్లో ఎనిమిది మంది. అంటే తమ కాళ్ళ కింద ఉన్న ప్రమాదమేమిటో ఇక్కడివాళ్ళకి తెలియక కాదు. పైనుంచి డబ్బు బాంబు పేరు మీద వచ్చింది, అందుకని బాంబు కోసం గది కట్టారు. అంతే.

ఈ "పైనుంచి వచ్చే డబ్బు" సంగతేమిటో కాస్త చూద్దామని చాలా రోజులుగా అనుకుంటున్నాను. ఊళ్ళు, కౌంటీలు ఆపదలకి ముందుగా సిద్ధపడడానికి డీసీ నుంచి వచ్చే గ్రాంట్లతో ఏం చేశాయి, ఏం చెయ్యలేకపోయాయి అన్నది అమెరికా చరిత్రలో ఎవరూ పెద్దగా పట్టించుకోని అధ్యాయం. యుద్ధాల గురించి పుస్తకాలు రాస్తారు. ఇంటిని పునాదికి బిగించే బోల్టు గురించి ఎవరు రాస్తారు?

మొదలు 1950లో అనుకోవచ్చు. అంతకు ముందు ఏడాదే రష్యావాళ్ళు అణుబాంబు పేల్చి చూశారు. ఇక్కడ కంగారు పుట్టింది, సివిల్ డిఫెన్స్ చట్టం వచ్చింది. ఆ చట్టంలో ఒక తమాషా ఉంది. బాంబు వేసేది రష్యా, దానితో తగువు పెట్టుకున్నది డీసీ, కానీ జనాన్ని కాపాడే బాధ్యత ప్రధానంగా రాష్ట్రాలదీ, స్థానిక ప్రభుత్వాలదీ అని రాశారు. కేంద్రం చేసేదల్లా సలహా ఇవ్వడం, మీరు ఒక డాలరు పెడితే మేమొక డాలరు పెడతాం అనడం. అంటే వీధి దీపాలు, మురికి కాలవలు చూసుకునే మేయరు గారు అణుయుద్ధానికి బడ్జెట్టు రాయాలన్నమాట. 1958లో చట్టం మార్చి ఇది ఉమ్మడి బాధ్యత అన్నారు. ఊళ్ళల్లో ఈ పని చూసే ఉద్యోగుల జీతాల్లో సగం ఇవ్వడానికి ఒప్పుకున్నారు. ఆ సగం-సగం పద్ధతి పేర్లు మార్చుకుంటూ ఇన్ని దశాబ్దాలు నిలిచింది. చిన్న చిన్న కౌంటీల్లో ఎమర్జెన్సీ మేనేజరు అన్న మనిషి కుర్చీలో కనిపిస్తున్నాడంటే చాలాచోట్ల ఆ సగం జీతం పుణ్యమే.

1961లో కెనెడీ ఇరవై కోట్ల డెబ్భై లక్షల డాలర్లు అడిగి, ఉన్న భవనాల్లో తలదాచుకునే చోట్లు గుర్తించే పని మొదలుపెట్టించాడు. పసుపు నలుపు బోర్డులు అప్పటివే. పాత లైబ్రరీల గోడల మీద ఇప్పటికీ అక్కడక్కడా కనిపిస్తాయి. కానీ ఊళ్ళల్లో కూర్చున్న వాళ్ళు మరీ అమాయకులేం కాదు. బాంబు పేరుతో కొన్న సైరన్లని సుడిగాలి వచ్చినప్పుడు మోగించారు. బాంబు పేరుతో కొన్న రేడియోలని వరదల్లో వాడుకున్నారు. అదంతా చాటుమాటు వ్యవహారంలాగే నడిచింది. చివరికి 1976లో కాంగ్రెసే, సరేలెండి, ఈ డబ్బుని ప్రకృతి వైపరీత్యాలకి కూడా వాడుకోవచ్చు అని చట్టంలో రాసేసింది.

ఇక్కడ కాస్త నా సోది. కొన్నేళ్ళ కిందట ఒక కౌంటీ ఆఫీసులో గ్రాంట్ల లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ పని దొరికింది. పేరు వద్దులెండి. అప్పటిదాకా గ్రాంటు అంటే ఎవరో చెక్కు పంపిస్తారు, వీళ్ళు ఖర్చు పెట్టుకుంటారు అనుకునేవాణ్ణి. సాధారణంగా అలా ఉండదు. ముందు ఊరు తన డబ్బు ఖర్చు పెట్టాలి. బిల్లులు జతచేసి పంపాలి. అన్నీ సరిగ్గా ఉంటే అప్పుడు తిరిగి ఇస్తారు. అది కూడా పూర్తిగా కాదు, ముప్పాతిక వంతో, సగమో. మిగతాది ఊరు భరించాలి. డబ్బు లేకపోతే శ్రమ రూపంలో చూపించవచ్చు. వాలంటీర్లు ఆదివారం వచ్చి నాలుగు గంటలు పనిచేస్తే ఆ గంటలకి వెలకట్టి ఊరి వాటాలో రాసుకుంటారు. మా డేటాబేసులో దానికి ప్రత్యేకంగా ఒక టేబులే ఉండేది. మూడు నెలలకోసారి రిపోర్టు. గడువు దాటితే మిగిలిన డబ్బు వెనక్కి. ఆ గడువు దగ్గర పడినప్పుడు ఆఫీసులో హడావుడి చూస్తే నాకు మన గవర్నమెంటాఫీసుల్లో మార్చి నెల గుర్తొచ్చేది. ఏదో ఒకటి కొనెయ్యాలి. ఏది తొందరగా కొనగలం? మనిషికి శిక్షణ ఇవ్వడానికి ఏడాది పడుతుంది. జనరేటరుకి ఆర్డరు పెట్టడానికి ఒక పూట చాలు.

ఇంకో సంగతి. రిపోర్టులో "ఎన్ని కొన్నారు, ఎంతమందికి క్లాసు చెప్పారు" అన్న గడులు ఉండేవి. "ఏం జరక్కుండా ఆగింది" అన్న గడి ఎక్కడా ఉండేది కాదు. ఉంటే మాత్రం దాన్లో ఏం రాస్తాం?

ఇక 1990లకి వద్దాం. క్లింటన్ హయాంలో ఫీమా అధిపతిగా జేమ్స్ లీ విట్ అనే ఆయన వచ్చాడు. ఆర్కన్సా రాష్ట్రంలో యెల్ అనే చిన్న కౌంటీకి కౌంటీ జడ్జిగా చేసినవాడు. అక్కడ జడ్జి అంటే కోర్టు జడ్జి కాదు, దాదాపు మన జిల్లా పరిషత్ ఛైర్మన్ లాంటి పదవి. తర్వాత ఆ రాష్ట్రానికే ఎమర్జెన్సీ వ్యవహారాలు చూశాడు. అంటే గ్రాంటు తీసుకునే చేత్తో మొదలై, ఇచ్చే చేతికి ఎదిగిన మనిషి. 1993లో మిడ్‌వెస్ట్ వరదల తర్వాత, మునిగిన ఇళ్ళని మళ్ళీ మళ్ళీ కట్టించే బదులు కొనేసి జనాన్ని మెరక మీదకి పంపిద్దాం అన్న పద్ధతిని పెద్దఎత్తున నడిపించాడు. ఆ వరసలోనే 1997లో ప్రాజెక్ట్ ఇంపాక్ట్ మొదలుపెట్టాడు.

దాని లెక్క తేలిక. దేశంలో ఏడు చోట్లు ఎంచుకున్నారు. ఫ్లోరిడాలో డీర్‌ఫీల్డ్ బీచ్, మిసిసిపీలో పాస్కగూలా లాంటివి. వాటిల్లో సియాటిల్ ఒకటి. ఒక్కో ఊరికీ పది లక్షల డాలర్ల దాకా ఇస్తారు. దేనికి వాడాలో ఊరే చెప్పాలి. షరతల్లా ఒకటే: ఊళ్ళో ఉన్న వ్యాపారులు, బ్యాంకులు, కాంట్రాక్టర్లు, స్కూళ్ళు, యూనివర్సిటీ అందరినీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టాలి. పది లక్షలంటే ఒక నగరానికి ఏ మూలకి? ఒక కూడలిలో సిగ్నళ్ళు మార్చడానికే చాలా అవుతుంది. ఆ సంగతి విట్‌కి తెలుసు. ఆ డబ్బు విత్తనం లాంటిది, పంట మీరు పండించుకోవాలి అన్న ఉద్దేశం.

సియాటిల్ మూడు పనులు ఎంచుకుంది. ఇళ్ళు, స్కూళ్ళు, మ్యాపులు.

ఇళ్ళ గురించి కాస్త వివరంగా చెప్పాలి, మనవాళ్ళలో కొందరు ఈ మధ్య ఊళ్ళో పాత ఇళ్ళు కొంటున్నారు కాబట్టి. ఇక్కడి ఇళ్ళు చెక్కవి. చెక్క ఇల్లు భూకంపానికి మంచిదే, వంగుతుంది గానీ విరగదు. చిక్కల్లా కింద. 1940లకి ముందు కట్టిన ఇళ్ళు చాలావరకు కాంక్రీటు పునాది మీద ఊరికే కూర్చుని ఉంటాయి, పీట మీద చెంబు పెట్టినట్టు. పునాదికీ ఇంటికీ మధ్య బిగింపు ఉండదు. పునాదికీ మొదటి అంతస్తుకీ మధ్య పొట్టి చెక్క గోడలు కొన్నిటికి ఉంటాయి, అవి మరీ బలహీనం. నేల పక్కకి ఊగినప్పుడు ఆ పొట్టి గోడలు ఒరిగిపోయి ఇల్లు కిందకి జారుతుంది. గ్యాసు పైపు తెగుతుంది. ఆపైన నిప్పు.

దీనికి మందు చాలా చవక. ఇంటి కింద దూరి, అడుగు దూలాన్ని పునాదికి బోల్టులతో బిగించాలి. పొట్టి గోడలకి ప్లైవుడ్ కొట్టాలి. పై నేల దూలాలని వాటికి ఇనప ముక్కలతో కలపాలి. అప్పట్లో కొన్ని వేల డాలర్ల పని, ఓపికుంటే ఎవరికి వారే చేసుకోవచ్చు. మరి జనం ఎందుకు చేయించుకోవడం లేదు? ఎందుకంటే ప్రతి ఇంటికీ ఒక ఇంజినీరుని పెట్టుకుని డ్రాయింగులు గీయించాలి, అది పర్మిట్ ఆఫీసులో వారాల తరబడి పడుండాలి, ఆ పని తెలిసిన కాంట్రాక్టరు దొరకాలి. ఇంత తతంగం ఎవరు పడతారు?

సియాటిల్ వాళ్ళు గ్రాంటు డబ్బుతో చేసిన తెలివైన పని ఇక్కడే ఉంది. వాళ్ళు ఆ డబ్బుతో బోల్టులు కొని పంచలేదు. మామూలు ఇళ్ళకి సరిపోయే ఒకే డ్రాయింగుల కట్ట తయారుచేయించారు. మీ ఇల్లు ఆ కొలతల్లో ఉంటే వేరే ఇంజినీరు అక్కర్లేదు. ఆ కట్ట పట్టుకుని కౌంటరు దగ్గరికి వెళ్తే పర్మిట్ తేలిగ్గా వచ్చేస్తుంది. కాంట్రాక్టర్లకి శిక్షణ, ఇంటివాళ్ళకి క్లాసులు. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే ఒకసారి టెంప్లేటు రాసిపెట్టారు, ఎవరికి కావాలంటే వాళ్ళు వాడుకోవచ్చు. డబ్బు అయిపోయినా టెంప్లేటు అయిపోదు.

స్కూళ్ళల్లో చేసింది ఇంకా చిన్న పని. పిల్లల నెత్తి మీద పడేవి ఏమున్నాయో వెతికారు. బీరువాలు, వేలాడే దీపాలు, పాత భవనాల అటకల మీద ఎప్పటివో నీళ్ళ ట్యాంకులు. కొన్నిటిని గోడకి బిగించారు, కొన్నిటిని ఖాళీ చేసి దింపేశారు. మూడోది, అమెరికా జియలాజికల్ సర్వే వాళ్ళతో, యూనివర్సిటీతో కలిసి ఊరికి ప్రమాదాల మ్యాపులు. ఊరి నడుమ నుంచి పోయే సియాటిల్ ఫాల్ట్ అనే పగులు సంగతి శాస్త్రవేత్తలు గట్టిగా బయటపెట్టింది 1992లోనే. ఏ పేట నేల గట్టిది, ఏది మెత్తటిది, ఏ కొండచరియ జారుతుంది అన్నది అప్పటికి ఊరికి సరిగ్గా తెలియదు.

అలా మూడేళ్ళు గడిచాయి. ప్రాజెక్ట్ ఇంపాక్ట్ దేశంలో సుమారు 250 ఊళ్ళకి పాకింది. ఖర్చు ఏడాదికి రెండున్నర కోట్ల డాలర్లు, డీసీ లెక్కల్లో చిల్లర.

2001 జనవరి 26న భుజ్ భూకంపం వచ్చింది గుర్తుందా? ఇరవై వేల దాకా జనం పోయారు. ఇక్కడ మేమంతా గుజరాత్ కోసం చందాలు పోగుచేస్తున్నాం. అప్పటికి నేను రెడ్మండ్‌లో కాంట్రాక్టు మీద చేస్తున్నాను. ఫిబ్రవరి 28 బుధవారం, పొద్దున్న 10:54. మూడో అంతస్తులో కూర్చుని ఉండగా ముందు ఏదో పెద్ద లారీ పోతున్నట్టు అనిపించింది. తర్వాత మానిటర్లు ఊగడం మొదలుపెట్టాయి. పక్క క్యూబులో ఉన్న విజయవాడ మిత్రుడు "ఒరేయ్, బల్ల కిందకి దూరరా" అని అరిచాడు. దూరాను. ముప్పై నలభై సెకన్లు. ఆ కాసేపు ఎంత పొడుగో చెప్పలేను. అక్కడ మోకాళ్ళ మీద కూర్చుని నేను చూసింది, ఎదురుగా ఉన్న పుస్తకాల బీరువా. అది ఊగింది గానీ పడలేదు. వెనకాల గోడకి రెండు ఇనప పట్టీలతో బిగించి ఉంది. ఎవరు బిగించారో, ఎప్పుడు బిగించారో! తర్వాత అందరం పార్కింగ్ లాట్‌లోకి పరిగెత్తి, సెల్‌ఫోన్లు కలవక, ఇండియాలో అప్పుడు అర్ధరాత్రి దాటింది కాబట్టి పొద్దున్న టీవీలో చూసి అమ్మ కంగారు పడేలోపు ఫోన్ చెయ్యాలని కాలింగ్ కార్డు వెతుక్కుంటూ...

నిస్క్వాలీ భూకంపం అని పేరు పెట్టారు. తీవ్రత 6.8. నాలుగు వందల మందికి దెబ్బలు తగిలాయి. గుండె ఆగి ఒకరు పోయారు. పయొనీర్ స్క్వేర్‌లో పాత ఇటుక భవనాల పైగోడలు వీధిలోకి కూలాయి. విమానాశ్రయం కంట్రోల్ టవరు అద్దాలు పగిలాయి. సముద్రపు ఒడ్డున ఉన్న రెండంతస్తుల వయాడక్టు బీటలు వారింది. బిల్ గేట్స్ ఒక హోటల్లో ఉపన్యాసం ఇస్తుంటే పైనుంచి దీపాలు ఊడిపడ్డాయి.

ఇంతకీ అసలు సంగతి. అదే రోజు డీసీలో కొత్త ప్రెసిడెంటు బుష్ గారి మొదటి బడ్జెట్టు ప్రణాళిక విడుదలైంది. దాన్లో ఒక చిన్న పద్దు: ప్రాజెక్ట్ ఇంపాక్ట్ రద్దు. అది పనిచేస్తున్నట్టు రుజువు కాలేదు, తీసేస్తే రెండున్నర కోట్లు మిగులుతాయి అని. సినిమాలో పెడితే నమ్మం. సియాటిల్ మేయరు పాల్ షెల్ తమ ఊరు తట్టుకుని నిలబడడంలో ఈ పథకం పాత్ర ఉందన్నాడు. డీసీ వాళ్ళు లేదన్నారు. ప్రోగ్రాం ఆగిపోయింది.

ఈ కథని ఇక్కడ చాలామంది ఒక నీతికథలాగ చెప్తారు. నాకు అంత తేలిగ్గా అనిపించదు. ఆ భూకంపం పుట్టింది భూమిలో యాభై కిలోమీటర్ల లోతున. ఊపు పైకి వచ్చేసరికి చాలా తగ్గిపోయింది. అదే తీవ్రత సియాటిల్ ఫాల్ట్ మీద, ఊరి కిందనే, పైపైన పుట్టి ఉంటే కథ వేరు. కాబట్టి పది లక్షల గ్రాంటు సియాటిల్‌ని కాపాడింది అనడం అతిశయోక్తి. బిగించిన ఇళ్ళు అప్పటికి కొన్ని వందలో ఎన్నో, ఊళ్ళో ఉన్నవి లక్షకి పైన. కానీ "రుజువు కాలేదు" అన్నవాళ్ళని నేను అడిగేది ఒకటే. అటక మీద నుంచి ముందే దింపేసిన నీళ్ళ ట్యాంకు ఆ రోజు ఏ క్లాసులో పడలేదో దానికి రుజువు ఎక్కణ్ణించి తెస్తాం?

మన కృష్ణా, గుంటూరు జిల్లాల వాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. 1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెనలో పదివేల మంది పోయారు. 1990 మేలో అంతటి తుపానే వచ్చింది, పోయినవాళ్ళు వెయ్యి లోపు. మధ్యలో జరిగింది రేడియో హెచ్చరికలు, తుపాను షెల్టర్లు, లక్షల మందిని ముందే తరలించడం. 1977 పేరు చెబితే ఇవాళ్టికీ ఊళ్ళల్లో మాట ఆగిపోతుంది. 1990 ఎంతమందికి గుర్తుంది?

2005లో అమెరికా నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బిల్డింగ్ సైన్సెస్ వాళ్ళు ఫీమా ఇచ్చిన ఇలాంటి గ్రాంట్లన్నీ తిరగేసి, ముందుజాగ్రత్త మీద పెట్టిన ప్రతి డాలరూ సగటున నాలుగు డాలర్లు మిగిల్చిందని తేల్చారు. 2019లో మళ్ళీ లెక్కేస్తే ఆరు అని వచ్చింది. అప్పటికి ప్రాజెక్ట్ ఇంపాక్ట్ పోయి ఎన్నేళ్ళయిందో మీరే చూసుకోండి.

అది పోయిన ఆరున్నర నెలలకి సెప్టెంబర్ 11. కథ మళ్ళీ 1950 దగ్గరికి వెళ్ళింది. 2003 మార్చిలో ఫీమాని హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ శాఖలో కలిపేశారు. డబ్బు వరదలా వచ్చింది, టెర్రరిజం పేరు మీద. పెద్ద నగరాలకిచ్చే ఒక్క గ్రాంటు పద్దు కిందే 2003 నుంచి 2012 దాకా ఏడు వందల కోట్ల డాలర్లు. భూకంపం వచ్చిన రెండేళ్ళకి, 2003 మేలో, అదే సియాటిల్ వీధుల్లో దేశంలోనే పెద్ద రిహార్సల్ జరిగింది. టాప్ఆఫ్-2 అని పేరు. దేనికి? రేడియేషన్ చల్లే డర్టీ బాంబు పేలితే ఏం చెయ్యాలి అని. రవెన్నా గదికి సరిగ్గా నలభై ఏళ్ళ తర్వాత!

ఇక ఊళ్ళు ఏం కొన్నాయో చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. గ్రాంట్లు పంచేటప్పుడు చూసే వాటిల్లో "దేశంలో ముఖ్యమైన ఆస్తుల జాబితా" ఒకటి. 2006లో ఆ శాఖ తనిఖీ అధికారే దాన్ని తిరగేస్తే, అలబామాలో పిల్లలు మేకపిల్లల్ని నిమిరే జూ ఒకటి, ఇండియానాలో ఒక పాప్‌కార్న్ కంపెనీ అందులో ఉన్నాయి. ఇండియానాలో 8,591 ముఖ్యమైన ఆస్తులట, న్యూయార్క్ రాష్ట్రం కన్నా ఎక్కువ. మిషిగన్‌లో కొన్ని కౌంటీలు ఐసు గోలాలు చేసే యంత్రాలు కొన్నాయి, వడదెబ్బ తగిలినవాళ్ళకి ఐసు ఇవ్వడానికి కూడా పనికొస్తాయని. న్యూ హాంప్‌షైర్‌లో ఇరవై మూడు వేల మంది ఉండే కీన్ అనే ఊరు కవచాల బండి కోసం సుమారు 2,86,000 డాలర్ల గ్రాంటు తెచ్చుకుంది. దరఖాస్తులో ఏం రాశారయ్యా అంటే, ఏటా జరిగే గుమ్మడికాయల పండగకి జనం బాగా వస్తారు అని. (2014లో ఆ పండగ రోజున నిజంగానే గొడవలయ్యాయి లెండి. విధి.)

ఈ ఊళ్ళని వెక్కిరించడం తేలిక. సెనేటర్ కోబర్న్ 2012లో ఒక రిపోర్టంతా అదే పని చేశాడు. కానీ ఆ కౌంటీ ఆఫీసులో కొన్ని నెలలు కూర్చున్నవాడిగా నాకు వాళ్ళ మీద కోపం రాదు. ఫారంలో ఏ గడి ఉంటే దానికి తగ్గట్టు అవసరాన్ని వంచుతారు. టెర్రరిజం అన్న మాట లేకపోతే డబ్బు రాదు అన్నప్పుడు గుమ్మడికాయలకీ టెర్రరిజానికీ చుట్టరికం కలుపుతారు. 1955లో వాళ్ళ తాతలు సైరన్ల విషయంలో చేసింది ఇదే. పైగా అంతా వృధా అనలేం. ఒకరి మాట ఒకరికి వినపడని పోలీసు, ఫైరు రేడియోలని కలిపింది ఆ డబ్బే. 2013లో బోస్టన్ మారథాన్‌లో బాంబులు పేలినప్పుడు, ప్రాణంతో ఆసుపత్రికి చేరిన ప్రతి ఒక్కరూ బతికారు. ఆ ఊరివాళ్ళు ఏళ్ళ తరబడి చేసిన రిహార్సళ్ళకి డబ్బు చాలావరకు ఈ గ్రాంట్ల నుంచే వచ్చింది.

సియాటిల్ మాత్రం డీసీ కోసం ఎదురుచూస్తూ కూర్చోలేదు. 2003 నవంబర్లో ఊళ్ళో ఓటు పెట్టారు: అగ్నిమాపక కేంద్రాలు భూకంపానికి తట్టుకునేలా బాగుచెయ్యడానికి, కొత్త ఎమర్జెన్సీ కేంద్రం కట్టడానికి ఇంటిపన్ను మీద అదనంగా 16 కోట్ల 70 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంటారా అని. జనం ఒప్పుకున్నారు. గ్రాంటు ఇచ్చిన పది లక్షల పక్కన ఈ అంకె పెట్టి చూడండి. విత్తనం అన్న విట్ మాట నిజమైందా, లేక భూకంపం భయమే ఓట్లు వేయించిందా? రెండూ ఉంటాయి. ప్రాజెక్ట్ ఇంపాక్ట్ పేరుని ఊరు సొంతంగా ఇంకొన్నేళ్ళు నడిపింది. ఇళ్ళ క్లాసులు సాగాయి. ఆ డ్రాయింగుల కట్ట మార్పులతో వాడుకలోనే ఉండిపోయింది.

గ్రాంటుకి లొంగనిది మాత్రం అలాగే మిగిలింది. అవి ఇటుక భవనాలు. లోపల ఇనుము లేకుండా వట్టి ఇటుకలతో కట్టినవి ఊళ్ళో సుమారు 1,100 ఉన్నాయి. నిస్క్వాలీలో వీధిలోకి రాలినవి ఇవే. చైనాటౌన్‌లో, పయొనీర్ స్క్వేర్‌లో ఎక్కువ. వాటిని బలపరచడం యజమానులకి తప్పనిసరి చెయ్యాలన్న చర్చ 1970ల నుంచీ నడుస్తోంది. 2021 డిసెంబర్లో కౌన్సిలు ఒక తీర్మానం దాకా వచ్చింది. అది చెక్క ఇంటి కింద దూరి బోల్టు బిగించినంత సులువు కాదు. ఒక్కో భవనానికి లక్షల డాలర్లు. అంత పెడితే యజమాని అద్దె పెంచుతాడు, చవక అద్దెల్లో ఉన్న ముసలివాళ్ళు ఎక్కడికి పోవాలి? ఏ టెంప్లేటూ దీనికి జవాబు చెప్పదు. వయాడక్టుని మాత్రం 2019లో మూసి కూల్చేసి సొరంగం తెరిచారు. బీట వారిన పద్దెనిమిదేళ్ళకి.

డీసీలో ఆ గ్రాంటు కూడా పూర్తిగా చావలేదు. 2000లోనే వచ్చిన ఒక చట్టం పుణ్యాన వేరే పేరుతో తిరిగొచ్చింది. ఈసారి ఊళ్ళు పోటీపడి దరఖాస్తు చేసుకోవాలి, ముందుగా ప్రమాదాల ప్లాను రాసిపెట్టుకుని ఉండాలి. ప్లాను లేకపోతే డబ్బు లేదు. దరఖాస్తు రాయడానికి కన్సల్టెంట్లని పెట్టుకోగల ఊళ్ళకే ఎక్కువ దక్కిందన్న గొణుగుడు నిజమే, నేనూ కళ్ళారా చూశాను. 2018 చట్టంతో ఇంకా పెద్దదై, 2020 నుంచి బ్రిక్ అన్న పేరుతో నడిచింది. అంటే ఇటుక! ఎవరు పెట్టారో గానీ సియాటిల్ వాళ్ళకి సరిగ్గా సరిపోయే పేరు. 2025 ఏప్రిల్లో ఫీమా దాన్ని రద్దు చేస్తున్నట్టు ప్రకటించింది. కారణం, అది వృధా, పనిచెయ్యడం లేదు అని. 2001 నాటి మాటే, కాగితం మాత్రం కొత్తది. జులైలో ఇరవై రాష్ట్రాలు బోస్టన్ కోర్టుకెక్కాయి, ముందు వరసలో మా వాషింగ్టన్ రాష్ట్రం ఉంది. ఆగస్టులో ఆ డబ్బు వేరే వాటికి మళ్ళించకూడదని జడ్జి ఆపాడు. డిసెంబర్లో రద్దు చట్టవిరుద్ధమని తీర్పు చెప్పాడు.

పాత ఇల్లు కొన్నవాళ్ళు అప్పటిదాకా ఆగక్కర్లేదు. ఒక టార్చిలైటు పట్టుకుని ఇంటి కిందకి దూరండి, అడుగు దూలం మీద ఆరేసి అడుగులకి ఒక బోల్టు తల కనిపిస్తోందేమో చూడండి. సాలెగూళ్ళు మాత్రం బాగా ఉంటాయి, పాత టోపీ పెట్టుకోండి.